షవర్‌ని చూసి వచ్చింది ప్రోటానో ఇనుమో ఎలా తేలుస్తారు?

నింగిచుక్క:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సెమినార్‌కి అత్యధిక శక్తి గల కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కణాలు, అన్న అంశం తీసుకున్నాను. శక్తి ఎలా కొలుస్తారో, ఏ దిక్కు నుంచి వచ్చిందో ఎలా లెక్కగడతారో అర్థమైంది. కూర్పు, అంటే వచ్చినవి ఏ మూలకాల కేంద్రకాలు అన్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

అర్జెంటీనాలోని పియర్ ఓజే అబ్జర్వేటరీ పత్రాలు చదివితే శక్తి పెరిగేకొద్దీ కేంద్రకాలు బరువెక్కుతున్నాయని ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉన్న టెలిస్కోప్ అరే పత్రాలు చదివితే తమ కొలతలు తేలిక కేంద్రకాలకే సరిపోతున్నాయని ఉంది. వచ్చిన కణాన్ని ఎవరూ చూడలేదు. అది నేలకు ఎన్నో కిలోమీటర్ల పైనే గాలిని ఢీకొని పగిలిపోయింది. కిందికి చేరినవన్నీ దాని తరవాతి తరాలవే, ఆ కణాల జల్లునే షవర్ అంటున్నారు. వాటిని చూసి మొదటిది ప్రోటానని, ఇనుమని ఎలా చెబుతున్నారు? ఈ ఇద్దరిలో ఎవరి మాట తీసుకోవాలి?

శేషు_మాస్టారు:
మంచి చోటే ఆగావమ్మా. శక్తి తక్కువగా ఉన్నంతవరకు ఈ చిక్కు లేదు. సుమారు 10¹⁴ ఎలక్ట్రాన్‌వోల్టుల (ఈవీ) దాకా బెలూన్ల మీద, ఉపగ్రహాల మీద పరికరాలు పంపి కణం ఆవేశాన్ని సూటిగా కొలుస్తారు. పైకి పోయేకొద్దీ కణాలు కరువైపోతాయి. 10²⁰ ఈవీ దాటినవి చదరపు కిలోమీటరుకు నూరేళ్లకు ఒకటి కూడా రావు. అంత అరుదైనదాన్ని పట్టాలంటే వాతావరణాన్నే డిటెక్టర్‌గా వాడుకోవాలి. 1938లో పియర్ ఓజే దూరదూరంగా పెట్టిన కౌంటర్లు ఒకేసారి స్పందించడం గమనించి, ఒకే కణం ఇంత పెద్ద షవర్‌ని పుట్టిస్తోందని చెప్పాడు. అబ్జర్వేటరీకి ఆయన పేరే పెట్టారు.

ఇక కూర్పు. షవర్ ఎంత ఎత్తులో ఉందన్నది మనకు పనికిరాదు, ఎంత గాలి దాటి వచ్చిందన్నదే కావాలి. అందుకే లోతుని చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాములు అని చెబుతారు. నిట్టనిలువుగా సముద్రమట్టం దాకా వస్తే దాదాపు 1030 గ్రాముల గాలి. షవర్‌లో కణాల సంఖ్య పెరుగుతూ పోయి ఒకచోట గరిష్ఠానికి చేరి, తరవాత తగ్గుతుంది. ఆ గరిష్ఠం వచ్చిన లోతే ఎక్స్‌మాక్స్.

ఇనుప కేంద్రకంలో 56 న్యూక్లియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి). వాటిని పట్టి ఉంచే బంధన శక్తి ఒక్కోదానికి 8 మెగా ఈవీ చుట్టుపక్కల, అంటే ఇక్కడి శక్తుల ముందు లెక్కలోకే రాదు. కాబట్టి ఈ శక్తితో వచ్చిన ఇనుమును, ఒక్కోటీ అందులో 56వ వంతు శక్తి ఉన్న 56 ప్రోటాన్లుగా చూడొచ్చు. శక్తి తక్కువైతే షవర్ తొందరగా గరిష్ఠానికి వస్తుంది. శక్తి పది రెట్లు పెరిగితే ఎక్స్‌మాక్స్ 58 గ్రాముల మేర లోతుకు జరుగుతుందని అనుకో. 56కి లాగరిథమ్ 1.75. రెండూ గుణిస్తే సుమారు 100 గ్రాములు. ఒకే శక్తి దగ్గర ప్రోటాన్ షవర్లకీ ఇనుప షవర్లకీ మధ్య సగటున ఉండే ఎడం అదే. సెమినార్‌లో ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించు, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది.

నింగిచుక్క:
మాస్టారూ, చాలా బాగా అర్థమైంది. అయితే షవర్ ఎక్స్‌మాక్స్ కొలిచి, లోతుగా ఉంటే ప్రోటాన్, పైన ఉంటే ఇనుము అని రాసేసుకోవచ్చు కదా? 100 గ్రాములంటే తక్కువేమీ కాదు. ఓజే వాళ్ల కొలత కచ్చితత్వం 20 గ్రాముల దగ్గర ఉందని చదివాను.

మేఘమాల:
షవర్ సిమ్యులేషన్ల మీద పనిచేస్తుంటాను కాబట్టి ఇక్కడ కలగజేసుకుంటున్నాను. అలా రాసుకోలేం. కారణం పరికరంలో లేదు, ప్రకృతిలోనే ఉంది.

10¹⁸ ఈవీ ప్రోటాన్ గాలిలో మొదటిసారి ఢీకొనేలోపు సగటున 48 గ్రాములు దాటుతుంది. సగటు మాత్రమే. ఒకటి 10 గ్రాములకే ఢీకొంటుంది, ఇంకొకటి 150 దాకా చెక్కుచెదరకుండా వస్తుంది. దానికి తోడు మొదటి ఢీలో ఎన్ని కణాలు పుట్టాయి, శక్తి ఎలా పంచుకున్నాయి అన్నదీ మారుతుంటుంది. మొత్తం మీద ప్రోటాన్ షవర్ల ఎక్స్‌మాక్స్ 60 గ్రాముల వెడల్పున చెదిరి ఉంటుంది. లోతువైపు పొడవాటి తోక కూడా ఉంటుంది. ఇనుము దాదాపు 56 షవర్ల సగటు కాబట్టి దాని చెదురు 20 గ్రాముల పైచిలుకు. రెండు పంపిణీలూ ఒకదాని మీదికి ఒకటి బాగా వస్తాయి. నడుమ హీలియం, నైట్రోజన్ వగైరా ఉన్నాయని మరిచిపోవద్దు.

ఒక పిల్లవాడి ఎత్తు చూసి వాడు ఏ తరగతో చెప్పలేం, తరగతి మొత్తాన్ని నిలబెడితే మాత్రం చెప్పగలం. ఇదీ అంతే. ఎక్స్‌మాక్స్‌తో విడి కణం పేరు తేలదు, ఒక శక్తి పరిధిలో వచ్చినవాటిలో ఏది ఎంత పాలు ఉందో తేలుతుంది. 1991 అక్టోబరు 15న యూటాలో ఫ్లైస్ ఐ అన్న డిటెక్టర్ పట్టిన 3.2×10²⁰ ఈవీ కణానికి ఎక్స్‌మాక్స్ కూడా దొరికింది, అయినా అదేమిటో ఎవరూ తేల్చలేకపోయారు. 2021 మే 27న టెలిస్కోప్ అరే పట్టిన అమతెరాసు కణం (2.4×10²⁰ ఈవీ) నేల మీది డిటెక్టర్లకే చిక్కింది, కాబట్టి ఎక్స్‌మాక్సే లేదు. అది వచ్చిన దిక్కున గెలాక్సీలు పెద్దగా లేని ఖాళీ కనిపిస్తోంది. ప్రోటానైతే అయస్కాంత క్షేత్రాల్లో వంగేది తక్కువ, ఆ ఖాళీ నిజంగానే పెద్ద చిక్కు. ఇనుమైతే బాగా వంగి వచ్చి ఉండొచ్చు. కూర్పు తెలియకపోతే మూలం వెతకడం ఎంత కష్టమో ఆ ఒక్క కణమే చెబుతుంది.

నింగిచుక్క:
అంటే సగటు ఒక్కటే కాదు, వెడల్పు కూడా చూడాలన్నమాట.

మేఘమాల:
అవును, నన్నడిగితే వెడల్పే ముందు చూడాలి. వెడల్పు సన్నబడిందంటే రెండు సంగతులు ఒకేసారి జరిగి ఉండాలి: తేలిక కణాలు తగ్గాలి, మిగిలినవాటిలో కలగలుపు కూడా తగ్గాలి. ప్రోటాన్, ఇనుము సగంసగం కలిపి చూడండి, వెడల్పు ఒట్టి ప్రోటాన్ల కంటే ఎక్కువ వస్తుంది. రెండు సగటుల మధ్య 100 గ్రాముల ఎడం ఉంది కదా. ఓజే కొలతల్లో 2×10¹⁸ ఈవీ దాకా సగటు ఎక్స్‌మాక్స్ వేగంగా లోతుకు జరుగుతుంది, పది రెట్ల శక్తికి 77 గ్రాముల పైనే. కూర్పు మారకుండా ఉంటే 55 నుంచి 60 రావాలి, కాబట్టి అక్కడిదాకా కణాలు తేలికవుతున్నాయి. ఆ తరవాత ఆ వేగం 26కి పడిపోతుంది, వెడల్పు కూడా సన్నబడుతుంది. సగటు, వెడల్పు రెండూ ఒకే కథ చెప్పడం వల్లే బరువెక్కుతున్నాయన్న మాటకు బలం వచ్చింది.

రాత్రికాపరి:
ఓజే, టెలిస్కోప్ అరే తేడా సంగతి నేను చెబుతాను. ఫ్లోరోసెన్స్ టెలిస్కోపుల డేటాతో చాలా కాలం పనిచేశాను. ఇది తెలియకుండా రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి వాదించుకునేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

షవర్ దాటుతున్నప్పుడు గాలిలోని నైట్రోజన్ 300 నుంచి 400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చిమ్ముతుంది. దాన్ని పదుల కిలోమీటర్ల దూరం నుంచి టెలిస్కోపులు పట్టుకుంటాయి. వెన్నెల ఉంటే పనికిరాదు, మబ్బు ఉంటే పనికిరాదు. మొత్తం కాలంలో 15 శాతమే దక్కుతుంది. ఆ దక్కిన రాత్రుల్లో కూడా గాలిలో దుమ్ము, ఆవిరి ఎంత ఉన్నాయో లేజర్ కొట్టి, లైడార్‌తో చూసి కొలుస్తూనే ఉండాలి. లేకపోతే దూరాన వెలిగిన కాంతి మసకబారింది షవర్ వల్లనా, దుమ్ము వల్లనా తెలియదు.

అసలు చిక్కు చూపు పరిధిది. ఓజే టెలిస్కోపు నేల మీంచి దాదాపు 30 డిగ్రీల ఎత్తు దాకానే చూస్తుంది. దగ్గర్లో పడ్డ షవర్ గరిష్ఠం పైనే వచ్చేస్తే అది చూపుకి అందదు. నిట్టనిలువుగా వచ్చిన లోతైన షవర్ గరిష్ఠానికి చేరకముందే నేలను తాకొచ్చు. ఎక్స్‌మాక్స్ కనబడినవాటినే తీసుకుందాం అంటే తెలియకుండానే ఒక రకం షవర్లను ఏరేసినట్టు అవుతుంది, సగటు పక్కకి జరుగుతుంది.

దీన్ని ఓజే వాళ్లు ఒకలా, టెలిస్కోప్ అరే వాళ్లు ఇంకోలా దాటారు. లోతు ఎక్కడున్నా చూపుకి అందే ఏర్పాటులో పడ్డ షవర్లనే ఓజే ఉంచుకుంటుంది. అది ప్రోటానైనా ఇనుమైనా దొరికే అవకాశం సమానం కాబట్టి వచ్చిన సగటు వాతావరణంలో ఉన్న సగటుకు చాలా దగ్గర. అందుకు మూల్యం, బోలెడన్ని షవర్లను పక్కన పెట్టాల్సి రావడం. టెలిస్కోప్ అరేకి షవర్లు తక్కువ, కాబట్టి ఎక్కువ ఉంచుకుని, సిమ్యులేషన్ షవర్లను కూడా అదే డిటెక్టర్, అదే వడపోత గుండా పంపి పోలుస్తుంది. వాళ్ల గ్రాఫులోని సగటులో పరికరం ప్రభావం కలిసే ఉంటుంది. రెండూ సరైన పద్ధతులే. కానీ ఈ గ్రాఫు మీద ఆ గ్రాఫు పెట్టి చూడకూడదు.

ఓజే, టెలిస్కోప్ అరేల ఉమ్మడి బృందం చేసింది ఇదే: ఓజే కొలతలకు సరిపోయే కణాల మిశ్రమాన్ని తీసుకుని, టెలిస్కోప్ అరే డిటెక్టర్ సిమ్యులేషన్ గుండా పంపి, అక్కడి డేటాతో పోల్చారు. దోషాల పరిధిలో రెండూ సరిపోయాయి. టెలిస్కోప్ అరే ఎక్స్‌మాక్స్‌లో క్రమబద్ధ దోషం సుమారు 17 గ్రాములు, ఓజేది 10 లోపు. పైగా 10¹⁹ ఈవీ దాటాక టెలిస్కోప్ అరే దగ్గర టెలిస్కోపు చూసిన షవర్లు చాలా కొద్ది. ప్రోటాన్లకు సరిపోతున్నాయి అంటే మిశ్రమానికి సరిపోవు అని అర్థం కాదు. నింగిచుక్క గారూ, సెమినార్‌లో దయచేసి దీన్ని కొట్లాటగా చూపించకండి.

సందేహి:
ఇదంతా బాగుంది. కానీ ప్రోటానైతే ఇంత లోతు, ఇనుమైతే ఇంత లోతు అని చెబుతున్నది ఎవరు? సిమ్యులేషనే కదా. ఎల్‌హెచ్‌సీ అన్న పెద్ద కణ త్వరణిలో 13 టెరా ఈవీ (టెరా అంటే 10¹²) ఢీకొనడాన్ని స్థిర లక్ష్యానికి మారిస్తే 9×10¹⁶ ఈవీ. మీరు మాట్లాడుతున్న శక్తులు దానికి పదుల రెట్లు, వందల రెట్లు పైన. అక్కడ బలమైన అన్యోన్యచర్య ఎలా ఉంటుందో ఎవరూ కొలవలేదు. ప్రోటాన్ల అడ్డుకోత (గాలిని ఢీకొనే అవకాశానికి కొలమానం) మన అంచనా కంటే వేగంగా పెరుగుతోందనుకోండి, షవర్లు పైనే గరిష్ఠానికి వస్తాయి, మనం వాటిని బరువైన కేంద్రకాలంటాం. కొలిచింది ఎక్స్‌మాక్స్. కూర్పు ఊహ. నాకు ఇది వలయ వాదనలా కనిపిస్తోంది.

శేషు_మాస్టారు:
ఆక్షేపణ బలమైనదే. కానీ అడ్డుకోత పూర్తిగా తెలియనిదేమీ కాదు. ప్రోటాన్ షవర్ల పంపిణీలో లోతువైపు తోక ఉందన్నారు కదా మేఘమాల గారు. అంత లోతుకు వచ్చేవి తేలిక కేంద్రకాల షవర్లే. తోక ఎంత వేగంగా తరుగుతోందో చూస్తే ప్రోటాన్ గాలిని ఎంత తరచుగా ఢీకొంటోందో వస్తుంది. 2012లో ఓజే బృందం ఆ పద్ధతిలోనే ప్రోటాన్–గాలి అడ్డుకోత 505 మిల్లీబార్న్‌లు అని ప్రచురించింది. ద్రవ్యరాశి కేంద్ర చట్రంలో అది 57 టెరా ఈవీ శక్తి. సిమ్యులేషన్లు వాడే నమూనాల అంచనాలకు దగ్గరలోనే ఉంది, హఠాత్తుగా పెరిగిన జాడ లేదు.

మేఘమాల:
సందేహి గారు అడిగినదానికి నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు ఇంకొకటి ఉంది. ఒకే షవర్‌ని టెలిస్కోపూ, నేల మీది నీటి ట్యాంకులూ రెండూ చూస్తే, ఎక్స్‌మాక్స్‌కీ ట్యాంకుల సంకేతానికీ మధ్య సహసంబంధం లెక్కించొచ్చు. అన్నీ ఒకే రకం కణాలైతే ఆ సహసంబంధం సున్నా దగ్గరో ధనాత్మకంగానో ఉంటుంది. రకరకాలు కలిసి ఉంటే రుణాత్మకం అవుతుంది. బరువైనవి పైనే గరిష్ఠానికి వస్తూ నేల మీద ఎక్కువ మ్యూయాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, బరువైన కణాలు) తెస్తాయి, తేలికవి దానికి ఎదురు కాబట్టి. 2016లో ఓజే 3×10¹⁸ నుంచి 10¹⁹ ఈవీ మధ్య దీన్ని లెక్కిస్తే మైనస్ 0.125 వచ్చింది, దోషం 0.024. నమూనా లోతుల్ని ఒక 20 గ్రాములు అటూ ఇటూ జరిపినా, మ్యూయాన్ల సంఖ్య పెంచినా ఈ గుర్తు మారదు. అక్కడ ఒట్టి ప్రోటాన్లు లేవు, ప్రోటాన్–హీలియం మాత్రమే కూడా కాదు. ఇందులో వలయం ఎక్కడుంది?

అలాగని నమూనాలు నిర్దోషమని అనను. 2024లో ఓజే ఇంకో విశ్లేషణ ఇచ్చింది: నమూనాలు చెప్పే ఎక్స్‌మాక్స్‌ని 20 నుంచి 50 గ్రాములు లోతుకు జరపాలి, నేల మీది హాడ్రానిక్ సంకేతాన్ని 15 నుంచి 25 శాతం పెంచాలి, అప్పుడే డేటా బాగా సరిపోతుందని. అది నిజమైతే కణాలు మనం అనుకున్నదానికన్నా ఇంకా బరువు. అంటే సందేహి గారి అనుమానం ఉన్నచోటే ఉంది, దిక్కే ఎదురు.

మ్యూయాన్_మూర్తి:
ఇంతసేపూ ఎక్స్‌మాక్సే నడిచింది, మ్యూయాన్ల మాట చివర్లో వచ్చింది. నా దృష్టిలో ద్రవ్యరాశికి అసలు కొలమానం మ్యూయానే, ఎందుకో చెబుతాను.

ప్రతి హాడ్రాన్ (ప్రోటాన్, పయాన్ లాంటి, బలమైన అన్యోన్యచర్య గల కణం) ఢీలో పుట్టిన పయాన్లలో సుమారు మూడోవంతు తటస్థం. అవి వెంటనే రెండేసి ఫోటాన్లుగా విడిపోయి విద్యుదయస్కాంత షవర్‌లో కలిసిపోతాయి. ఆ శక్తి మ్యూయాన్లకు దక్కదు. మిగిలిన మూడింట రెండొంతులు ఆవేశిత పయాన్లవి. వాటికి శక్తి ఉన్నంతసేపు మళ్లీ ఢీకొంటాయి, పదుల గిగా ఈవీలకు తగ్గాక విడిపోయి మ్యూయాన్లనిస్తాయి. ప్రతి తరంలోనూ మూడోవంతు పోతూ ఉంటుంది. ఇనుములో ఒక్కో న్యూక్లియాన్‌కి శక్తి తక్కువ కాబట్టి తరాలు తక్కువ, పోయేదీ తక్కువ. అందుకే అదే శక్తి గల ప్రోటాన్‌తో పోలిస్తే ఇనుము మూడోవంతో అంతకు కొంచెం పైనో ఎక్కువ మ్యూయాన్లు తెస్తుంది. అదీగాక ఎండలోనూ వానలోనూ మ్యూయాన్ వస్తూనే ఉంటుంది, 15 శాతం రాత్రుల కోసం ఆగనక్కర్లేదు.

జర్మనీలో కార్ల్స్‌రూహెలో నడిచిన కాస్కేడ్ ప్రయోగం ఎలక్ట్రాన్ల సంఖ్యనీ మ్యూయాన్ల సంఖ్యనీ కలిపి చూసే, వర్ణపటంలో (ఏ శక్తికి ఎన్ని కణాలన్న గీతలో) 3–4 పెటా ఈవీ (పెటా అంటే 10¹⁵) దగ్గర వాలు మారే 'మోకాలు' తేలిక కేంద్రకాలదని చూపించింది. తరవాత కాస్కేడ్–గ్రాండే 2011లో బరువైన కేంద్రకాల మోకాలు 80 పెటా ఈవీ దగ్గర చూపించింది. మూడుని 26తో గుణించండి, దాదాపు అదే వస్తుంది. త్వరణానికి హద్దు శక్తి మీద కాదు, ఆవేశం మీద ఆధారపడుతుందన్న మాటకు ఇంతకన్నా అందమైన సాక్ష్యం నేను చూడలేదు. ఊటీలో గ్రేప్స్–3 ఉంది, 3712 ప్రపోర్షనల్ కౌంటర్లతో 560 చదరపు మీటర్ల మ్యూయాన్ డిటెక్టర్. షవర్‌కి ఎన్ని మ్యూయాన్లు వచ్చాయన్న పంపిణీ నుంచే ప్రోటాన్ల వాటా విడదీసి, 2024లో 166 టెరా ఈవీ దగ్గర ప్రోటాన్ వర్ణపటం వాలు మారుతోందని ప్రచురించారు.

సందేహి:
మూర్తి గారూ, మ్యూయాన్ అంత నమ్మకమైనదైతే 10¹⁹ ఈవీ దగ్గర లెక్క ఎందుకు తప్పుతోంది? 2015లో ఓజే ఏటవాలు షవర్లలో కొలిస్తే నమూనాలు చెప్పినదానికన్నా 30 నుంచి 80 శాతం ఎక్కువ మ్యూయాన్లు వచ్చాయి. వాటిని అలాగే చదివితే కణాలు ఇనుముకన్నా బరువని తేలుతుంది.

మ్యూయాన్_మూర్తి:
తప్పుతున్న మాట నిజమే, దాన్నే మ్యూయాన్ చిక్కుముడి అంటున్నారు. అది కొలత లోపం కాదని నా గట్టి నమ్మకం, వేర్వేరు ప్రయోగాలు కూడా శక్తి పెరిగేకొద్దీ ఇలాంటి ధోరణే చూపిస్తున్నాయి. ఒక ఆధారం మాత్రం దొరికింది. మ్యూయాన్ల సగటు తేడాగా ఉన్నా, షవర్‌కీ షవర్‌కీ మధ్య వాటి హెచ్చుతగ్గులు నమూనాలకు సరిపోయాయి. ఆ హెచ్చుతగ్గుల్ని నిర్ణయించేది ఎక్కువగా మొదటి ఢీయే. కాబట్టి మొదటి ఢీలో పెద్ద వింతేమీ లేదు, ప్రతి తరంలోనూ కొంచెం కొంచెం శక్తి హాడ్రాన్ల వైపు ఎక్కువ మిగులుతూ పోగవుతోందని అనుకోవాలి. ఒక్కో తరంలో కొద్ది శాతం తేడా చాలు, పది తరాలకు పెద్దదవుతుంది. ఎల్‌హెచ్‌సీలో 2025 జులైలో ప్రోటాన్లను ఆక్సిజన్‌తో ఢీకొట్టింది ఇందుకు పనికొస్తుంది. గాలిలో ఉండేది నైట్రోజన్, ఆక్సిజన్ కదా.

నింగిచుక్క:
ఇంకొక్కటి. నేల మీది ట్యాంకుల నుంచే ఎక్స్‌మాక్స్ తీస్తున్నారని, న్యూరల్ నెట్‌వర్క్ వాడుతున్నారని ఒకచోట చూశాను. టెలిస్కోపు లేకుండా లోతు ఎలా తెలుస్తుంది?

రాత్రికాపరి:
ట్యాంకులోని సంకేతాన్ని దగ్గరగా చూడండి. ఒక్కో ట్యాంకులో 12 టన్నుల శుద్ధమైన నీరు, పైన కాంతిని పట్టే మూడు ఫోటోమల్టిప్లయర్లు. ఈ డేటా తీసినప్పుడు 25 నానోసెకన్లకు ఒక గడి చొప్పున కాంతి నమోదయ్యేది. మ్యూయాన్ గాలిలో దాదాపు తిన్నగా వస్తుంది కాబట్టి ముందు చేరుతుంది, నీళ్లన్నీ దాటి కోసుగా ఒక్క ముల్లు నిలబెడుతుంది. ఎలక్ట్రాన్లు, ఫోటాన్లు గాలిలో చెదురుతూ ఆలస్యంగా, గుంపుగా, పరుచుకున్నట్టు వస్తాయి. షవర్ గరిష్ఠం నేలకు దగ్గరగా ఉంటే ఈ పరుపు వెడల్పు ఒకలా, దూరంగా ఉంటే ఇంకోలా ఉంటుంది. ఆ ఆకారాన్ని చదవడం నెట్‌వర్క్‌కి నేర్పిస్తారు. నేర్పింది సిమ్యులేషన్‌తోనే, అందుకే వచ్చిన విలువల్ని అలాగే వాడరు. టెలిస్కోపు కూడా చూసిన షవర్లతో పోల్చి సున్నా స్థానాన్ని సరిచేస్తారు.

అలా పదిరెట్ల షవర్లు చేతికొచ్చాయి. 2025లో ప్రచురించిన ఆ ఫలితంలో సగటు ఎక్స్‌మాక్స్ గీత ఒకే వాలున పోదు. 6.5, 11, 31 ఎక్సా ఈవీల (ఎక్సా అంటే 10¹⁸) దగ్గర మూడు విరుపులున్నాయి. వర్ణపటం వాలు మారే చోట్లు కూడా వీటికి దగ్గర్లోనే ఉన్నాయి. ఒక్కో రకం కేంద్రకం తన హద్దుకు చేరి తప్పుకుంటుంటే ఇలాగే ఉండాలి.

మ్యూయాన్_మూర్తి:
ఇప్పుడు ఓజే–ప్రైమ్ పేరుతో దాదాపు ప్రతి ట్యాంకు మీదా ఒక సింటిలేటర్ పలక (కణం తగిలితే మెరిసేది) పెట్టారు. మ్యూయాన్‌కీ ఎలక్ట్రాన్‌కీ నీళ్లూ పలకా వేర్వేరుగా స్పందిస్తాయి, రెండు సంకేతాలూ కలిపి పరిష్కరిస్తే మ్యూయాన్ల వాటా విడిగా వస్తుంది. రేడియో యాంటెనాలు కూడా అమర్చారు. విడి షవర్ స్థాయిలో ద్రవ్యరాశి గురించి కాస్త గట్టిగా చెప్పగలిగే రోజు వస్తే దీనివల్లే వస్తుంది.

సందేహి:
సహసంబంధం లెక్క నాకు నచ్చింది. ఒప్పుకుంటున్నాను, కలగలుపు అన్న మాటకు నమూనా మీద ఆధారపడని సాక్ష్యం ఉంది. ఇనుము ఎంత, నైట్రోజన్ ఎంత అన్న శాతాల పట్టికల్ని మాత్రం ఇంకా నమ్మను. అక్కడ నమూనా మారితే అంకెలు మారుతున్నాయి.

మేఘమాల:
ఆ మాటకు నేనూ సరేనంటాను. ఒకే డేటాకు మూడు నమూనాలతో మూడు జవాబులు వేసి చూపించడం అందుకే.

నింగిచుక్క:
అందరికీ ధన్యవాదాలు. ముందు మాస్టారి లెక్క, తరవాత రెండు పంపిణీల వెడల్పు, చూపు పరిధి సంగతి, చివర మ్యూయాన్లు, ఇలా పెట్టుకుంటున్నాను. నా చేత్తో వేసిన గ్రాఫు ఒక్కటైనా ఉండాలని ఉంది. డేటా దొరుకుతుందా?

శేషు_మాస్టారు:
దొరుకుతుంది. ఓజే బృందం 2021లో తమ డేటాలో పదోవంతు అందరికీ తెరిచింది, టెలిస్కోపు చూసిన షవర్ల ఎక్స్‌మాక్స్ విలువలు, పైథాన్ నోట్‌బుక్‌లతో సహా. కాస్కేడ్ డేటా కూడా బయటే ఉంది. ఓజే ఫైలు దించుకుని 10¹⁸ దగ్గర ఒక హిస్టోగ్రామ్, 10¹⁹ పైన ఒకటి వెయ్యి. పైదాంట్లో షవర్లు కొద్దిగానే ఉంటాయి కాబట్టి గడులు వెడల్పుగా పెట్టుకో. వడపోతలో పాసైన షవర్లనే తీసుకోవడం మరవకు, రాత్రికాపరి గారు చెప్పింది అందుకే. వెడల్పులోంచి కొలత దోషాన్ని తీసేటప్పుడు వర్గాల్లో (స్క్వేర్లలో) తీసివేయాలి, సూటిగా కాదు. గ్రాఫు వచ్చాక ఇక్కడ పెట్టు, చూద్దాం.